ఎఫ్.ఏ. క్లాసు, శనివారం అన్నం

మా ఊరికి కాలేజీ కావాలన్న ఆలోచన మా ఇంటి వీధి అరుగు మీద పుట్టింది. ఆ మాటకొస్తే మా హైస్కూలు కమిటీ వారి ఆలోచనలన్నీ అక్కడే పుట్టేవి. స్కూల్లో ఆఫీసు గది కురిసేది, మా అరుగు కురిసేది కాదు. పైగా మా ఇంట్లో చల్లటి మజ్జిగ దొరికేది. మా ఆయన ఆ స్కూలుకి హెడ్మాస్టరు. ఆయన పేరు ఇక్కడ రాయను. మా రోజుల్లో భర్త పేరు పలికే అలవాటు లేదు, ఇంత ముసలితనంలో కొత్తగా నేర్చుకోవాలని కూడా నాకు లేదు. పలికితే తప్పు గానీ కాగితం మీద రాస్తే తప్పేంటి అంటుంది మనవరాలు. దానికేం తెలుసు.

కమిటీ అంటే ముఖ్యంగా ముగ్గురు. ప్రెసిడెంటు, పెన్షను పుచ్చుకున్న తాసీల్దారు గారు. ఎత్తు కుర్చీ వేస్తే తప్ప ఆయనకి ఆలోచన సాగేది కాదు. మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఆయన కోసమే తుడిచి పెట్టేదాన్ని. రెండో ఆయన ప్లీడరు గారు. ఎవరూ కాదనకపోతే తన మాటని తనే కాదని వాదించుకునే మనిషి. మూడో ఆయన ధాన్యం షావుకారు గారు. స్కూలు కట్టిన స్థలం ఆయనది, బెంచీలు ఆయనవి, అందుచేత ఆయన్ని ఎవరూ మాట్లాడనిచ్చేవారు కాదు. వీళ్ళ ముందు మా ఆయన చేతులు కట్టుకుని నిలబడేవారు. తలుపు చాటున మజ్జిగ చెంబులతో నేను నిలబడేదాన్ని.

అప్పటికి మా స్కూల్లో మెట్రిక్యులేషన్ దాకా ఉండేది. ఆ పైన ఎఫ్.ఏ. అని రెండేళ్ళ చదువు. దానికి రాజమండ్రి పోవాలి, లేదా మద్రాసు పోవాలి. పోగలిగినవాళ్ళు పోయేవాళ్ళు, పోలేనివాళ్ళు కరణీకంలోనో కాలువ ఆఫీసులోనో గుమాస్తాలుగా కూర్చునేవాళ్ళు. తెలివైన కుర్రాళ్ళు అలా కూర్చుండిపోవడం చూస్తే మా ఆయనకి ప్రాణం విలవిల్లాడేది. రాజమండ్రిలో పెద్ద జీతానికి పిలిచినా పోకుండా ఆయన ఇక్కడే ఉండిపోయింది ఆ ఎఫ్.ఏ. క్లాసు తెరిపించాలనే. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టగా పెట్టగా యూనివర్సిటీ వారు చివరికి ఒప్పుకున్నారు. క్లాసు తెరుచుకోండి, దసరా సెలవులకి ముందు మా తరఫున ఒక దొర వచ్చి చూస్తాడు, ఆ వేళ బెంచీల మీద ఇరవై మందికి తక్కువ కాకుండా కూర్చుని ఉండాలి, తగ్గితే క్లాసు మూసేస్తాం అన్నారు. మూసేస్తే చేరిన పిల్లలకి ఆ ఏడు గంగలో కలిసినట్టే. అప్పటికి వేరే చోట చేరడానికి గడువు దాటిపోతుంది.

ఎంతమందిని చేర్చుకోవాలో తేల్చడానికి కమిటీ కూర్చుంది.

"ఇరవై మంది చాలన్నారు కాబట్టి పాతిక మందిని చేర్చుకుందామండి. ఒకరిద్దరు తగ్గినా ఫరవాలేదు," అన్నారు మా ఆయన.

"పాతికేంటండీ హెడ్మాస్టరు గారూ. మద్రాసు వాళ్ళు నవ్వుతారు. నలభై అని రాద్దాం," అన్నారు ప్లీడరు గారు.

"నలభై మందికి బెంచీలు లేవండి."

"బెంచీలదేముంది, షావుకారు గారు చేయిస్తారు."

షావుకారు గారు మజ్జిగ చెంబులోకి చూస్తూ ఉండిపోయారు. తాసీల్దారు గారు కుర్చీలో సర్దుకున్నారు. అంటే తీర్పు వస్తోందన్నమాట.

"అదీ కాదు, ఇదీ కాదు. ముప్పై," అన్నారాయన.

ఎందుకు ముప్పై అని ఎవరూ అడగలేదు. వినడానికి బాగుంది కాబట్టి అందరూ సరే అన్నారు. మా ఆయన ఒక్కరే కాస్త నసిగి, "పై ఊళ్ళ పిల్లలు ఎక్కడ తింటారండి?" అని అడిగారు.

"వారాలున్నాయి కదుటండీ," అని ప్లీడరు గారు ఉత్తరీయం దులుపుకుని లేచారు. తిండి గురించి కమిటీ ఆలోచన అంతటితో అయిపోయింది.

వారాలంటే ఈ రోజుల పిల్లలకి తెలియకపోవచ్చు. చదువుకోవడానికి పై ఊరు నుంచి వచ్చిన బ్రాహ్మణ కుర్రాడు రోజుకొక ఇంట్లో భోంచేసేవాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు రోజులకీ ఏడు ఇళ్ళు కుదుర్చుకునేవాడు. పిలిచిన ఇంటివాళ్ళు ఆ రోజు రెండు పూటలా పెట్టాలి. మిగతా కులాల పిల్లలకి ఈ సదుపాయం లేదు. వాళ్ళు చుట్టాల ఇళ్ళల్లోనో, తామే వండుకునో చదువుకోవాలి. అది న్యాయమని ఇప్పుడనను. అప్పుడు మా వీధిలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

కమిటీ వారు ఇంటింటికీ తిరిగారు. మేం రెండు రోజులు పెడతాం, మేం మూడు పెడతాం అని ప్రతి అరుగు మీదా మొగవాళ్ళు ధారాళంగా మాటిచ్చేశారు. వండేవాళ్ళకి ఆ సంగతి తర్వాత తెలిసింది. మా ఇంటికి బుధవారం, ఆదివారం వచ్చాయి.

కాలువలకి నీళ్ళు వదిలాక, తొలకరి చినుకుల్లో పిల్లలు రావడం మొదలుపెట్టారు. గోదావరి అవతల కోనసీమ వాళ్ళు పడవల్లో ట్రంకు పెట్టెలతో దిగారు. రామచంద్రపురం వైపు వాళ్ళూ, మండపేట వైపు వాళ్ళూ చాప చుట్టలు చంకన పెట్టుకుని కాలవ గట్టున నడిచొచ్చారు. మా ఆయన రేవులో గొడుగు చేత్తో పట్టుకుని, దాన్ని వేసుకోవడం మరిచిపోయి, తడుస్తూ నిలబడ్డారుట. షావుకారు గారు చెప్పి నవ్వారు. మా ఆయన ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ, "ఇరవై ఎనిమిది మంది," అన్నారు. ఆ మొహంలో వెలుగు పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

"ముప్పై అన్నారుగా," అంది లోపల్నుంచి మా అత్తగారు.

మా అత్తగారి సంగతి చెప్పాలి. చిన్న వయసులోనే భర్త పోయి, ఒక్క కొడుకుని పెంచుకొచ్చిన మనిషి. వంటింట్లో ఆమె మాటే మాట. మడి, ఆచారం ఆమె దగ్గర నేర్చుకుని వెళ్ళేవాళ్ళు వీధిలో ఆడవాళ్ళు. ఏకాదశి ఎప్పుడు, ఏ పూట ఏది తినొచ్చు అని పంచాంగం చూసేవాళ్ళు కూడా ఆమెని ఒకసారి కనుక్కునేవాళ్ళు. మెచ్చుకోవడం ఆమెకి చేతకాదు. పప్పు బాగుందంటే "ఉప్పు తగ్గింది" అనేది. కొడుకు ఎన్ని పరీక్షలు ప్యాసయినా "ఒళ్ళు చిక్కింది" అనేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆమె అంటే వణికేదాన్ని. తర్వాత తర్వాత, ఆమె తిట్టకపోతే ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడేదాన్ని.

క్లాసు బాగానే మొదలైంది. మా ఆయన ఉదయమే వెళ్ళి తనే బెంచీలు తుడిచేవారుట. కానీ నెల తిరిగేసరికి ఒక చిత్రం జరిగింది. శుక్రవారం దాకా నిండుగా ఉండే క్లాసు సోమవారం నాడు పలచబడేది. మొదట ఒకడు రాలేదు. తర్వాతి సోమవారం ముగ్గురు రాలేదు. రానివాళ్ళు మంగళవారానికి వస్తారనుకుంటే, రానే రాలేదు. శ్రావణమాసం వెళ్ళేసరికి ఇరవైకి దిగువకి పడిపోయారు. మా ఆయనకి అన్నం సయించడం మానేసింది. విస్తరి ముందు కూర్చుని సోమవారం రానివాళ్ళ పేర్లు గొణుక్కునేవారు.

కమిటీ మళ్ళీ మా అరుగు మీద కూర్చుంది.

"కుర్రాళ్ళలో శ్రద్ధ లేదండి. సోమవారం మానినవాడికి జరిమానా వెయ్యాలి," అన్నారు తాసీల్దారు గారు.

"జరిమానా కాదండి. అసలు తప్పు మనం ముప్పై అనుకోవడంలో ఉంది. నేనారోజే నలభై అన్నాను. ఈసారి అరవై అని పెట్టుకుందాం. సగం మంది పోయినా ముప్పై మంది మిగులుతారు," అన్నారు ప్లీడరు గారు.

తలుపు చాటున నాకు ఒళ్ళు మండిపోయింది. పోయే సగం మంది ఎందుకు పోతున్నారో అడిగేవాడు లేడు.

"పాదిరి గారి దొడ్లోంచి వచ్చే ఇద్దరు కుర్రాళ్ళున్నారు చూడండి, వాళ్ళు మాత్రం ఒక్క సోమవారం కూడా మానలేదండి," అన్నారు మా ఆయన నెమ్మదిగా.

"పాదిరి గారి బెత్తం మీరు చూడలేదు కాబోలు," అన్నారు ప్లీడరు గారు. అందరూ నవ్వారు. ఆ ఇద్దరు క్రైస్తవుల పిల్లలూ మిషను దొడ్లో పాక వేసుకుని తమ అన్నం తామే వండుకుంటారన్న సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసినదాన్ని ఒకరూ లెక్కలోకి తీసుకోలేదు.

వెళ్ళేముందు తాసీల్దారు గారు మెట్ల మీద ఆగి, చాలా మర్యాదగా, "క్లాసు నిలబడకపోతే హెడ్మాస్టరు విషయం కూడా కమిటీ ఆలోచించుకోవలసి వస్తుందండి. మీరు ఏమీ అనుకోకండి," అన్నారు. మా ఆయన ఏమీ అనుకోలేదు. నేను అనుకున్నాను. ఆ పూట కుర్చీ లోపల పెట్టడం మానేసి వానలో వదిలేశాను.

అసలు సంగతి బయటపడింది కాలవ రేవులో. ఒక సోమవారం పొద్దున్న అంట్లు తోముకుంటూ ప్లీడరు గారి భార్య, "మా ఆదివారం కుర్రాడికి కడుపులో ఏముందో గానీ వదినా, వార్చిన అన్నం వార్చినట్టు అయిపోతోంది," అంది.

"మా వాడూ అంతే," అన్నాను. మా ఆదివారం కుర్రాడు కోనసీమ వాడు. పదిహేడేళ్ళుంటాయి. తల వంచుకుని తినేవాడు. రెండుసార్లు వడ్డిస్తే రెండుసార్లూ అయిపోయేది. మూడోసారి చాలంటూనే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు కాదు.

అటుపక్క మంగళవారం పెట్టే ఇంటావిడ ఆశ్చర్యపోయింది. "మా వాడు పిచ్చిక తిన్నట్టు తింటాడే," అంది. గురువారం ఆవిడా అదే మాట అంది. ఎటు చూసినా ఆకలంతా ఆదివారం ఇళ్ళలోనే ఉంది.

"అయితే శనివారం ఎవరింట్లో తింటున్నారు?" అని అడిగాను.

ప్లీడరు గారి భార్య నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. ప్రతివాళ్ళూ ఇంకొకరింట్లో అనుకున్నారు. ఎవరింట్లోనూ కాదు.

మా వీధికి శనివారం ఒంటిపూట. ఒకప్పుడు కలరా వచ్చి పోయినప్పుడు వీధి వీధంతా చిన్న తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నారు, శనివారం పగలు ఒక్కపూటే అన్నం తింటామని. రాత్రికి ఫలహారం. ఫలహారమంటే మళ్ళీ తక్కువేమీ కాదు, ప్లీడరు గారింట్లో శనివారం ఉపవాసానికి దిబ్బరొట్టె కాలుస్తుంటే వాసన మా ఇంటిదాకా వచ్చేది. కానీ వారం కుర్రాణ్ణి పిలిస్తే రెండు పూటలా అన్నం పెట్టాలి. ఒక పూట పెట్టి రెండో పూట పొమ్మనడం మర్యాద కాదు, రొట్టె ముక్క పెట్టి పంపడం అంతకన్నా మర్యాద కాదు. అందుకని ఎవరూ శనివారం మాటివ్వలేదు. మర్యాద తప్పకూడదని పిల్లల్ని పస్తు పెట్టాం. ఇలాంటిది మా వీధిలో తప్ప ఇంకెక్కడా జరగదేమో.

తర్వాతి ఆదివారం మా కుర్రాడు విస్తరి ముందు కూర్చున్నాక అడిగాను. "శనివారం ఏం తింటారు నాయనా?"

వాడు అన్నం కలపడం ఆపేశాడు. "అటుకులు నానబెట్టుకుంటామండి. అరటిపళ్ళు కొనుక్కుంటాం. మాకు అలవాటైపోయిందండి."

"మరి మానేసినవాళ్ళు?"

"దగ్గర ఊళ్ళ వాళ్ళు శనివారం ఇంటికెళ్ళిపోతారండి. పస్తుంటున్నామని తెలిసి వాళ్ళమ్మలు మళ్ళీ పంపడం లేదండి."

"ఒక్కరికైనా చెప్పలేకపోయారా?"

"అన్నం పెట్టే ఇళ్ళల్లో ఇంకా పెట్టండని ఎలా అడుగుతామండి," అన్నాడు. నేను ఇంకో రెండు గరిటెల పప్పు వేశాను.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. దొర రావడానికి ఇంక రెండు వారాలే ఉంది. రేవులో ఆడవాళ్ళతో నేను మాట్లాడే వచ్చాను. మీ అత్తగారు శనివారం సాయంత్రం పొయ్యి వెలిగిస్తే మేమూ వెలిగిస్తాం, ఆవిడే చేశాక ఇంక మమ్మల్ని అనేదెవరు అన్నారు వాళ్ళు. అంతా మా ఇంటి పొయ్యి దగ్గర ఆగి ఉంది.

"అమ్మని మాత్రం అడక్కు," అన్నారాయన. "క్లాసు పోతే పోయింది. నేను ఇంకో ఊళ్ళో మేష్టరీ చేసుకుంటాను. అమ్మని అడక్కు."

ఎందుకన్నారో నాకు తెలుసు. వీధిలో వాళ్ళది కలరా మొక్కు. మా అత్తగారిది వేరే మొక్కు. మా ఆయన రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో విషజ్వరం వచ్చి, పడవలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. వైద్యుడు ఆశ వదులుకోమన్నాడు. అప్పుడామె, నా కొడుకుని నాకిస్తే ఈ ఇంట్లో శనివారం సాయంత్రం నిప్పు రాజెయ్యను స్వామీ అని మొక్కుకుంది. జ్వరం దిగింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో శనివారం సాయంత్రం రొట్టె లేదు, ఉప్మా లేదు, పాలు కూడా పగలు కాచినవే. కొడుకు ప్రాణం ఆ ఆరిన పొయ్యి మీద నిలబడి ఉందని ఆమె నమ్మకం. నవ్వడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు.

ఆయన వద్దన్నారు. నేను అడిగాను. నా స్వభావం అలాంటిది.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు వత్తులు చేసుకుంటూ ఉంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. పిల్లల పస్తులు, దొర రావడం, క్లాసు మూతపడటం. ఆమె వత్తి వెనక వత్తి చేస్తూ వింది.

"వాడు పంపాడా?" అంది చివరికి.

"లేదండి. మిమ్మల్ని అడగొద్దన్నారు."

"మరెందుకు అడిగావు?"

"ఆ కుర్రాడు నా ఎదురుగా కూర్చుని, ఇంకా ఆకలేస్తున్నా చాలన్నాడండి."

ఆమె చేతులు ఆగాయి. "నువ్వా జ్వరం చూడలేదు," అంది. తిట్టలేదు. ఆ ఒక్కమాట అని లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ శనివారం గడిచింది. పొయ్యి వెలగలేదు. కుర్రాళ్ళు అటుకులు తిన్నారు. ఇంకొకడు ఊరెళ్ళిపోయాడు. నేను తప్పు చేశానేమో అనిపించింది.

దొర వచ్చేది సోమవారం. ప్లీడరు గారు దానికి ముందు శుక్రవారం నాడు వచ్చి, "తాలూకా కచేరీలో మెట్రిక్యులేషన్ ప్యాసయిన గుమాస్తాలున్నారండి. ఒక్క గంట కూర్చోబెడితే దొరకేం తెలుస్తుంది?" అన్నారు.

"నాకు తెలుస్తుందండి," అన్నారు మా ఆయన. ప్లీడరు గారు వాదించకుండా మెట్లు దిగిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

శనివారం పొద్దు వాలుతుండగా మా అత్తగారు నూతి దగ్గర మళ్ళీ స్నానం చేసి, తడిచీర కట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఆ వేళప్పుడు ఆమె ఎప్పుడూ స్నానం చెయ్యదు. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"చూస్తావేంటి. పెద్ద గుండిగ తియ్యి. బియ్యం కడుగు," అంది. "ఊళ్ళో ఎంతమంది ఉన్నారో అంతమందినీ పిలిపించు. నాలుగిళ్ళ చుట్టూ తిప్పకు."

నేను మాట్లాడితే మనసు మార్చుకుంటుందేమోనని గబగబా గుండిగ దించాను. ఆమె కొబ్బరి డొక్కలు పేర్చి, నిప్పు కణిక పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగింది. ఏమనుకుందో నాకు తెలియదు. తర్వాత వంగి ఊదింది.

మా వంటింటి పెంకుల్లోంచి శనివారం సాయంత్రం పొగ రావడం ఎవరూ చూసి ఎరగరు. మా ఆయన స్కూలు నుంచి వస్తూ వీధి మలుపులో ఆ పొగ చూసి ఇల్లంటుకుందనుకుని పరిగెత్తుకొచ్చారు. పైకండువా దారిలో ఎక్కడో పడిపోయింది. వంటింటి గుమ్మంలో ఆయాసంతో నిలబడి తల్లిని చూశారు, పొయ్యిని చూశారు.

"అమ్మా, ఏంటిది?"

"అన్నం. కాళ్ళు కడుక్కుని రా."

"మొక్కు..."

"మొక్కు నాది. స్వామికి జవాబు నేను చెప్పుకుంటాను. నీ పిల్లలు అరుగు మీద కూర్చున్నారు, వెళ్ళి లోపలికి రమ్మను."

అప్పటికి ప్లీడరు గారింటి మీద కూడా పొగ లేచింది. ఆ పక్కింటి మీదా లేచింది. ప్లీడరు గారి భార్య గుమ్మడికాయ పులుసు పంపించింది. ఇంకొకావిడ పెరుగు పంపించింది. మా సావిట్లో పిల్లలు వరసగా కూర్చున్నారు, వాళ్ళ చివర మా ఆయన కూర్చున్నారు. మా అత్తగారే వడ్డించింది. పిల్లలందరికీ గట్టిగా, గుమ్మరించినట్టు వడ్డించుకుంటూ వచ్చి, కొడుకు విస్తరి దగ్గరికి వచ్చేసరికి గరిటె గురి తప్పింది. అన్నం కొంచెం నేల మీద పడింది. ఆయన తలెత్తి ఆమెని చూసి, కలుపుకుని తిన్నారు. ఆమె మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మర్నాడు తెల్లవారుతూనే మా ఆదివారం కుర్రాడూ, ఇంకో ఇద్దరూ కాలవ గట్టు పట్టుకుని ఊళ్ళ మీదికి వెళ్ళారు. శనివారం అన్నం ఉంది, రండి అని చెప్పడానికి. వాళ్ళు వెళ్ళేటప్పుడు నేను లేచి చూస్తే, మా అత్తగారు ఇంకా మడి కట్టుకోలేదు. మా ఆయన పడుకున్న నులకమంచం పక్కన కింద కూర్చుని, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూస్తోంది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. నన్ను చూసి చటుక్కున చెయ్యి తీసేసింది.

"నీళ్ళు కాచావా?" అంది కోపంగా.

సోమవారం దొర పడవ దిగి, స్కూలుకి వచ్చి, పెన్సిలుతో బెంచీల మీద తలలు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ముగ్గురున్నారు. ఇద్దరు ముగ్గురిని ఇంగ్లీషులో ఏవో ప్రశ్నలు అడిగి, షావుకారు గారిచ్చిన అరటిపళ్ళు తిని, సాయంత్రం పడవెక్కాడు. కొన్నాళ్ళకి యూనివర్సిటీ వారి నుంచి క్లాసు ఖాయం చేసినట్టు కబురొచ్చింది. కమిటీ కూర్చుని తీర్మానం చేసింది. ముందుచూపుతో ముప్పై అని నిర్ణయించినందుకు ప్రెసిడెంటు గారికి కృతజ్ఞత, అవిశ్రాంతంగా పాటుపడినందుకు ప్లీడరు గారికి కృతజ్ఞత. తలుపు చాటున నవ్వు ఆపుకోలేక చెంబు జారవిడిచాను.

"ఏమన్నారు?" అంది అత్తగారు. చెప్పాను.

"పోనీలెద్దూ. ముప్పై అన్నది ఆయనే కదా," అంది.

మరుసటి ఏడు చేరికల ముందు మా ఆయన మెల్లగా కమిటీకి చెప్పారు, ఇళ్ళని అడగకుండా పిల్లల సంఖ్య రాయొద్దని. అప్పట్నుంచి ఒక ఆనవాయితీ ఏర్పడింది. తాసీల్దారు గారు కుర్చీలో సర్దుకునే ముందు ప్లీడరు గారు లేచి మా వంటింటి తలుపు వైపు తిరిగి, "ఈ ఏడు ఎంతమందిని పిలవమంటారండీ?" అని అడిగేవారు. లోపల్నుంచి మా అత్తగారు చెప్పేది. ముప్పై రెండు అంటే ముప్పై రెండు. ఒక ఏడు వరదలొచ్చి పంట పోతే "పద్దెనిమిది, అంతకి మించొద్దు" అంది. కమిటీ వారు బాగా ఆలోచించినట్టు మొహం పెట్టి ఆ అంకె రాసుకునేవారు. ఎఫ్.ఏ. చదివిన మనిషి ఒక్కరూ ఆ అంకె కాదనలేదు. ఏ శనివారమూ పిల్లలు పస్తుండలేదు.

ఇదంతా బాగానే ఉంది గానీ, నా మనసులో నిలిచిపోయింది వేరే సంగతి. ఆ తర్వాత ప్రతి ఆదివారం తెల్లవారుజామున మా అత్తగారు లేచి, కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. చల్లగా ఉందని నమ్మకం కుదిరాకే స్నానానికి వెళ్ళేది. ఆయన జుట్టు నెరిసింది, ఆమె నడుం వంగింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. మళ్ళీ శనివారం వచ్చేసరికి పొయ్యి వెలిగించేది, మళ్ళీ ఆదివారం భయపడేది. ఆ భయం ఆమెకి ఒక్కసారి కూడా తగ్గలేదు. అయినా ఒక్క శనివారం కూడా వెలిగించడం మానలేదు.

ఒకసారి ఆయనతో అన్నాను, మీరు నిద్రపోతుంటే అత్తయ్యగారు ఇలా చూస్తారండి అని.

"నాకు మెలకువగానే ఉంటుంది," అన్నారాయన. "కదిలితే అమ్మ చెయ్యి తీసేస్తుంది."

ఆమె పోయింది ఒక మాఘమాసంలో. పెద్దగా బాధ పడకుండానే పోయింది. కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయిన తర్వాత వచ్చిన శనివారం నేనే పొయ్యి వెలిగించాను. పిల్లలు వచ్చి తిని వెళ్ళారు. మర్నాడు ఆదివారం. ఎండ వాకిట్లోకి వచ్చినా ఆయన మంచం దిగలేదు. అలా ఎప్పుడూ పడుకునే మనిషి కాదు. దగ్గరికి వెళ్ళి చూస్తే కళ్ళు మూసుకునే ఉన్నారు, నిద్ర మాత్రం కాదు. నాకు అర్థమైంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆయన నుదుటి మీద పెట్టాను.

"చల్లగానే ఉందండి, లేవండి," అన్నాను.

ఆయన నా చేతి మీద తన చెయ్యి వేసి, చాలాసేపటిదాకా లేవలేదు.